తెలుగులో అడిగిన ప్రశ్న

నన్ను సభకి పరిచయం చేసేవాళ్లు ఏళ్ల తరబడి ఒకే వాక్యం చదువుతున్నారు: "అద్దె గదుల్లో బతికే పేదలకి గొంతునిచ్చిన పరిశోధకురాలు." మొదట ఎవరు రాశారో తెలియదు గానీ ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకుంటూ వస్తున్నారు. ఒక్కసారైనా నేను లేచి, "గొంతు వాళ్లకి ముందునుంచీ ఉందండీ, నేను చేసిందల్లా దాన్ని పట్టుకెళ్లి ఇంటాయన చేతిలో పెట్టడం" అని చెప్పలేదు. శాలువా కప్పించుకుంటాను, చప్పట్లు కొట్టించుకుంటాను, గృహవసతి గురించి నలభై నిమిషాలు మాట్లాడి, వాళ్లు పెట్టిన సందేశ్ మిఠాయి తిని వచ్చేస్తాను. శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. కలకత్తాలో చలి మహా అయితే నెల రోజులుంటుంది.

నేను పుట్టింది ఖిదిర్‌పూర్‌లో, డాక్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న బస్తీలో. పన్నెండు గదుల వరస, పైన రేకులు, మధ్యలో ఒక కుళాయి, చివర రెండు మరుగుదొడ్లు. వరసంతా మావాళ్లే. శ్రీకాకుళం తీరం నుంచి డాక్‌లో బరువులు మొయ్యడానికి వచ్చినవాళ్లు. నేల ఒకరిది, దాని మీద గదులు కట్టినవాడు ఇంకొకడు, అద్దె కట్టి ఉండేది మేము. ఈ మూడంతస్తుల ఏర్పాటు మీద తర్వాత నేను డెబ్బై పేజీల అధ్యాయం రాశాను. మా అమ్మ ఒక్క ముక్కలో చెప్పేది: "నేలున్నోడు కనపడడు, గది కట్టినోడు కదలడు, మనం మాటాడం." నా డెబ్బై పేజీల్లో ఇంతకంటే ఎక్కువేమీ లేదు. కిందన చిన్న అక్షరాలతో వివరణలు మాత్రం బాగా ఉన్నాయి.

ఆ వరసలో ప్రతి గదికీ ఇద్దరు మనుషులు ఉండేవారు. ఒకరు లోపలుండే మనిషి, రెండోవాడు రసీదు మనిషి. మొదట ఊరి నుంచి వచ్చినవాడు గది తీసుకుంటాడు కాబట్టి అద్దె రసీదు అతని పేరు మీద వస్తుంది. కొన్నేళ్లు పోయాక నడుము పడిపోయో, ఊళ్లో పొలం పిలిచో వెళ్లిపోతాడు. వెళ్లేముందు గదిని తన ఊరివాడికో పక్క ఊరివాడికో అప్పజెబుతాడు. పేరు మార్పించే ఆలోచన ఎవరికీ రాదు. మారిస్తే గదులు కట్టిన ఇంటాయన కొత్త బేరం మొదలుపెడతాడు. అందుకని అద్దె వసూలు చేసే మనిషి నెలనెలా గుమ్మం ముందు నిలబడి ఎప్పుడో వెళ్లిపోయిన మనిషి పేరు పెట్టి పిలిచేవాడు, లోపలున్నవాళ్లు పలికేవాళ్లు. ఆడవాళ్లు కూడా మగపేరుకి "ఆఁ, వస్తన్నాం" అనేవాళ్లు. వసూలు మనిషికి తెలియక కాదు. పిలిస్తే ఎవరో ఒకరు పలికితే అతనికి చాలు.

మా వరసలో పిల్లలకి మాటలు రాగానే ఒక పాఠం చెప్పేవాళ్లు. బెంగాలీలోనో హిందీలోనో ఎవరైనా "ఇక్కడ ఎవరుంటారు?" అని అడిగితే రసీదు పేరు చెప్పాలి. తెలుగులో అడిగితే అసలు పేరు చెప్పాలి. తెలుగులో అడిగేవాడు మనవాడే అయ్యుంటాడు కాబట్టి. ఈ పాఠం నాకూ నేర్పారు, నేను తప్పు చెప్పినప్పుడల్లా మా అమ్మ తొడపాశం పెట్టేది. కాగితం, కలం పట్టుకుని గుమ్మం ముందుకొచ్చి తెలుగులో అడిగే మనిషి ఒకతి ఉంటుందని ఆ వరసలో ఎవరూ అనుకోలేదు. ఆ మనిషి వాళ్ల మూడో గదిలోనే పుట్టింది.

ఏడో గదిలో చిన్నమ్మ ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, వరసలో పిల్లలందరికీ ఆవిడ చిన్నమ్మే. భర్త డాక్‌లో గొలుసు తెగి పడిన బస్తాల కింద పోయాడు. పిల్లల్లేరు. ఆవిడ ఎండుచేపలు అమ్మేది. ఊరి నుంచి హౌరాకి రైల్లో వచ్చే బుట్టల్ని దింపించుకుని, గదిలో చాపల మీద పరిచి, ఖిదిర్‌పూర్ బజారుకి రోజూ గంపెత్తుకెళ్లేది. మా అమ్మ పనికి పోయిన రోజుల్లో నేను ఆ గదిలోనే ఆ చేపల మధ్య పడుకుని పెరిగాను. బడిలో పక్కపిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. బెంగాలీవాళ్లకి చేప లేనిదే ముద్ద దిగదు గానీ ఎండుచేప వాసన తగిలితే మాత్రం శవం లేచొచ్చినంత గొడవ చేస్తారు. అందువల్ల ఆ నగరంలో ఎండుచేపలమ్మే ఆడమనిషికి గది ఇచ్చేవాడు పుట్టలేదు. ఆవిడకి ఆ ఏడో గది ఒక్కటే ఇల్లూ, గిడ్డంగీ, వ్యాపారమూను. ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నేను చేసిన పనికి తెలియకపోవడం అనే సాకు లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చదువుకున్నాను. మావాళ్లలో అంత చదివినదాన్ని నేనే అని వరసంతా గొప్పగా చెప్పుకునేవాళ్లు, నాకు కళ్లు నెత్తికెక్కాయి. నగర ప్రణాళికలో పరిశోధనకి చేరాను. గోడల నిండా పేదల రాజ్యం గురించి ఎర్రటి అక్షరాలున్న రోజులవి. విశ్వవిద్యాలయంలో ప్రతివాడూ పేదల మీద పనిచేసేవాడే. పేదల ఇంటికి వెళ్లినవాడు మాత్రం తక్కువ, ఎందుకంటే దానికి బస్సు ఎక్కాలి. మా ప్రొఫెసరు గారు టీ మీద టీ తాగుతూ, అద్దెదారుల హక్కుల గురించి మాకు గంటలకొద్దీ చెప్పేవారు. ఆయనకి మూడు అద్దె ఇళ్లుండేవి. నేను మా వరసలో రసీదు పేర్ల సంగతి చెప్పగానే ఆయన కప్పు కింద పెట్టేశారు.

"నీకు ఆ భాష రావడం నీ అదృష్టం. ఇంకెవరు అడిగినా ఈ నిజం దొరికేది కాదు" అన్నారు.

నేను చంకలు గుద్దుకున్నాను. నిజం అనేది అడుగునపడి ఉంటుందని, దాన్ని తవ్వి తీసినవాళ్లకే చెందుతుందని అనుకునే వయసు అది. ఇప్పటికీ చాలామంది ఆ వయసులోనే రిటైరవుతున్నారు.

ప్రశ్నల కాగితాలు అచ్చువేయించుకుని, కొలతలు తీయడానికి ఇద్దరు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వరసలోకి వెళ్లాను. అప్పటికి మా నాన్న రిటైరై, అమ్మా నాన్నా సంత్రాగాఛిలో అన్నయ్య రైల్వే క్వార్టర్‌కి మారిపోయారు. మూడో గదిని మా నాన్న తన పక్క ఊరివాడికి అప్పజెప్పాడు, ఎప్పటిదో పాత రసీదు పేరు మీదే. వరసలో వాళ్లకి నన్ను చూస్తే పండగే. కుర్చీ లేకపోతే బియ్యం డబ్బా బోర్లించి కూర్చోబెట్టారు. ఏడో గదిలో చిన్నమ్మ చేపలు తిరగేస్తోంది.

"ఏటే గుంటా, ఇంకా సదువైపోనేదా?" అంది.

"ఇది చదువేలే చిన్నమ్మా. నాలుగు ప్రశ్నలు అడుగుతాను, చెప్పు. ఈ గది ఎవరి పేరు మీద ఉంది?"

"నీకు తెల్దా ఏటి?"

"తెలుసు. కానీ నువ్వు చెప్తేనే రాయాలి."

"అలగైతే రాసుకో. మా పక్కూరాయన పేరు మీదుంది. నాకు పెళ్లైన రెండో ఏడే ఊరెలిపోనాడు, అక్కడే సచ్చిపోనాడు. అప్పట్నించీ మేమే ఉంటన్నాం."

"ఆయన నీకు బంధువా?"

"కాదమ్మా. ఊరి మొకం సూసి ఇచ్చినాడు."

బంధుత్వం లేదు అని రాశాను. కింద గీత కూడా గీశాను. వేలిముద్ర కావాలని చెప్పి సిరా డబ్బా తెరిస్తే ఆవిడ చేతులు పైట చెంగుకి తుడుచుకుంది.

"ఒక్క ఏలేనా? నీ పరీచ్చకి పనికొస్తదంటే పది ఏలిముద్దర్లూ ఏస్తానే" అంది.

అలా పన్నెండు గదులూ తిరిగాను. ఎవరూ ఏమీ దాచలేదు. రెండోసారి వెళ్లి మళ్లీ అడిగి సరిచూసుకున్నాను, పరిశోధన అంటే అంత నిక్కచ్చిగా ఉండాలని మా ప్రొఫెసరు గారు చెప్పారు కాబట్టి. వరస మొత్తానికి పటం గీశాను. ప్రతి గదిలోనూ రెండు పేర్లు: పైన రసీదు పేరు, కింద ఉంటున్న మనిషి పేరు. చూడ్డానికి చాలా అందంగా వచ్చింది. రసీదుకీ మనిషికీ పొంతన లేకపోవడానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరు ఒకటి పెట్టాను. విద్యార్థులు దాన్ని ఇప్పటికీ వాడుతున్నారని వింటుంటాను. ఇలా ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లకే ఆ గది మీద హక్కు ఉండాలి, చట్టం వాళ్లని గుర్తించాలి అని చివరి అధ్యాయంలో గట్టిగా రాశాను. ఆ అధ్యాయం ఎవరూ చదవలేదు. పటం చదివినవాడు మాత్రం ఒకడున్నాడు.

ఆ పటం ఇంటాయనకి ఎలా చేరిందని తర్వాత విశ్వవిద్యాలయంలో చాలామంది అడిగారు. నేనే ఇచ్చాను. పరిశోధన పుస్తకంగా అచ్చయ్యాక మర్యాదగా ఉంటుందని ఒక ప్రతి పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. కొలతలు తీసేటప్పుడు ఆయన అభ్యంతరం చెప్పలేదు, పైగా టీ పంపించాడు. అందుకని ముందుమాటలో ఆయనకి కృతజ్ఞతలు కూడా చెప్పాను. తెల్లటి పంచె కట్టుకున్న మెత్తని మనిషి. కళ్లద్దాలు పెట్టుకుని పటం ఉన్న పేజీ తెరిచి చాలాసేపు చూశాడు. "చాలా ఉపయోగపడే పని చేశావమ్మా" అని బెంగాలీలో అన్నాడు. ఆ మాట నేను ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను. అంత చదివిన మనిషికి ఇంత తెలివితక్కువతనం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఈనాటికీ అర్థం కాదు. బహుశా చదువులోనే ఉంటుంది.

ఇంటాయనకి అంతకుముందు తెలియనిది ఏదీ ఆ పటంలో లేదు. చచ్చిపోయిన మనిషి పేరు మీద ఆయన అన్నేళ్లూ చిన్నమ్మ చేతిలోంచే అద్దె పుచ్చుకున్నాడు. ఆయనకి లేనిదల్లా కాగితం. అది నేనిచ్చాను. కొన్ని నెలలకి ఏడో గదికి నోటీసు వచ్చింది: రసీదుదారు కాని పరాయి మనిషి అక్రమంగా ఉంటోంది, ఖాళీ చెయ్యాలి. వరసంతా కూల్చి మేడ కట్టాలని ఆయన ఆలోచన. మగదిక్కు లేని గదితో మొదలుపెట్టాడు.

చిన్నమ్మ ఆ నోటీసు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నేను నగరానికి దక్షిణాన రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేదాన్ని. ఆవిడ బాల్కనీలో కిందే కూర్చుంది, కుర్చీ వెయ్యబోతే వద్దంది.

"ఈ గది పోతే సేపల్నెక్కడ పెట్టుకుంతానే? నన్నెవుడు రానిస్తాడు?" అంది. ఏడవలేదు. నోటీసుని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టి, "నువ్వు సదివినావు గదా, సూడు" అంది.

అది నా పుస్తకం వల్లనే వచ్చిందని చెప్పడానికి నోరు తెరిచాను. "నేనున్నాను కదా చిన్నమ్మా" అన్నాను.

ముందు పాడా నాయకుడి దగ్గరికి, అంటే పేట పార్టీ పెద్ద దగ్గరికి, ఇద్దరం వెళ్లాం. మా పేటలో ఆయన మాట లేనిదే కుళాయిలో నీళ్లు కూడా వచ్చేవి కావు. ఆయన పేదల గురించి అరగంట మాట్లాడాడు. మేం వెళ్లింది పేదల్లో ఒక మనిషి గురించి మాట్లాడ్డానికి. అది కుదరలేదు. చిన్నమ్మ చేతులు కట్టుకుని నిలబడి మధ్యమధ్యలో "దాదా, దాదా" అంటూ ఉంది. ఆయన ఆవిడ వైపు చూడకుండా నాతో, "మీలాంటి చదువుకున్నవాళ్లు ఈ సమస్యని లోతుగా అధ్యయనం చెయ్యాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. దారిలో ఆలోచిస్తే, నేను క్లాసులో చెప్పే మాటలే అతను చెప్పాడనిపించింది, ఆ మంట కూడా చల్లారింది.

తర్వాత వకీలుని పట్టుకున్నాం. కోర్టు వరండాలో టీ కొట్టు పక్కన కూర్చునే పెద్దమనిషి. నల్లకోటు వెలిసి గోధుమరంగుకి వచ్చింది. కానీ ఆయన ఒక్కడే పని మాట చెప్పాడు. రసీదు మనిషికి ఈవిడ చెల్లెలని చెప్దాం, అన్నతో ఉంటూ ఆయన తర్వాత ఉండిపోయిందని చెప్దాం. వరసలో అందరూ సాక్ష్యం ఇస్తారు, అద్దె ఒక్క నెల తప్పలేదు, గది పోదు. ఆ తర్వాతి మాట మాత్రం చిన్నమ్మకి తెలియకుండా నాతో ఇంగ్లీషులో అన్నాడు: అడ్డం ఉన్నదల్లా మీ పుస్తకం ఒక్కటే.

"మీరు వచ్చి ఒక్క మాట చెప్పండి చాలు. పటంలో పేర్లు విద్యార్థులు నింపారు, నేను సరిచూడలేదు అనండి. పుస్తకం మీద అనుమానం పడితే వాళ్ల దగ్గర ఇంకేం లేదు" అన్నాడు.

చెప్తానన్నాను. అంత అబద్ధం కూడా కాదు, విద్యార్థులు వచ్చిన మాట నిజమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సంగతి మా ప్రొఫెసరు గారికి కూడా చెప్పాను. ఆయన కప్పులోకి చూస్తూ, "ఒకసారి తప్పని ఒప్పుకున్న పనిని మళ్లీ ఎవరూ నమ్మరు. నీ ఇష్టం" అన్నారు. ఆ ఏడు నాకు శాఖలో పై ఉద్యోగం రావలసి ఉంది. ఆ విషయం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

విచారణ రోజు పొద్దున్నే వరసలో ఆడవాళ్లంతా చిన్నమ్మని తీసుకొచ్చారు. ఆవిడ పెట్టెలో దాచుకున్న ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. నన్ను పిలిచి నిలబెట్టగానే ఇంటాయన వకీలు నా పుస్తకం తెరిచాడు. నేను దడపుట్టించే ప్రశ్నలకి సిద్ధపడి వెళ్లాను. అతను నన్ను పొగిడాడు. ఇలాంటి నిక్కచ్చి పరిశోధన ఈ ఊళ్లో ఇంతవరకూ రాలేదన్నాడు. పైన కూర్చున్న అధికారి కూడా తలెత్తి, ఈ పుస్తకం గురించి విన్నానన్నాడు. వకీలు పటం ఉన్న పేజీ చూపించి బెంగాలీలో మెల్లగా అడిగాడు: "విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చిన ఈ పని తప్పుల తడకా? లేక ఇందులో ఉన్నది నిజమేనా?"

అధికారి నా వైపే చూస్తున్నాడు. నన్ను దొంగ లెక్కలు రాసే మనిషి అనుకుంటాడేమోనన్న భయం ఒక్కటే ఆ క్షణాన నాలో ఉంది. గది లేదు, చేపలు లేవు, ఎదురుగా ఆకుపచ్చ చీరలో కూర్చున్న మనిషి లేదు.

"నేనే స్వయంగా అడిగాను. ప్రతి గదికీ రెండుసార్లు వెళ్లాను. పటం సరైనదే" అన్నాను.

ఇంగ్లీషులో అన్నాను. ప్రశ్న బెంగాలీలో వచ్చింది. జవాబు కూడా బెంగాలీలో చెప్పి ఉంటే, అన్నేళ్లు ఆ బజారులో గంప పెట్టుకు కూర్చున్న చిన్నమ్మకి ముక్కముక్కా అర్థమయ్యేది. అందుకే ఇంగ్లీషులో చెప్పాను. ఇన్నేళ్లలో నేను చేసిన పనులన్నింటిలోనూ ఇంత నీచమైనది ఇంకొకటి లేదు. ఆ తర్వాత నివాసపు హక్కు గురించి నాలుగైదు నిమిషాలు చాలా బాగా మాట్లాడాను. రాసుకునే గుమాస్తా అప్పటికే కలం కింద పెట్టేశాడు. వెలిసిన కోటు వకీలు కాగితాలు సర్దుకుంటూ ఒకసారి నా మొహంలోకి చూశాడు. తర్వాత ఎప్పుడు ఎదురైనా ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

మెట్ల దగ్గర చిన్నమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. తోడొచ్చిన ఆడవాళ్ల వైపు తిరిగి, "సూసినారా మన గుంట ఎలగ మాటాడిందో! ఒక్క ముక్క తడబడనేదు. ఆపీసరు బాబు తలూపుతానే ఉన్నాడు" అంది. వాళ్లందరూ నన్ను చూసి నవ్వారు. నేను కూడా నవ్వాను. వాళ్లని బస్సు ఎక్కించి, మధ్యాహ్నం క్లాసుకి వెళ్లి పాఠం చెప్పాను.

తీర్పు వచ్చాక ఆవిడ మళ్లీ నా ఫ్లాట్‌కి వచ్చింది. గది ఖాళీ చెయ్యమన్నారని ఎవరో చెప్పారట, ఊరికి పోవాలని మూట కట్టుకుంటోంది. ఊళ్లో ఆవిడకి మరిది కొడుకు పంచన తప్ప చోటు లేదు. బాల్కనీలో కింద కూర్చుని కాగితాల బొత్తి నా ఒళ్లో పెట్టింది. ఇంగ్లీషులో ఉంది, మావాళ్లలో నాకు తప్ప ఎవరికీ చదవడం రాదు, ఏం రాశారో మొత్తం తెలుగులో చెప్పమంది.

చెప్పాను. వరసగా, ఒక్కో పేరా చదువుతూ తెలుగు చేసి చెప్పాను. అందులో నా పేరు మూడు చోట్ల ఉంది, "విశ్వసనీయ సాక్షి" అని. ఆ మూడు చోట్లా దాటేసి చదివాను. ఆవిడ శ్రద్ధగా వింది. అంతా అయ్యాక ఒకే ఒక్క మాట అడిగింది.

"నాను పరాయిదాన్నని ఆల్లకి సెప్పింది ఎవులంటమ్మా?"

"రాయలేదు చిన్నమ్మా" అన్నాను.